తొమ్మిదంటే తొమ్మిదే

పని అయిపోయి విడిపోయిన రాకెట్ మొదటి దశ ఆకాశంలోనే ముక్కలై సముద్రంలో పడిపోయింది. గస్తీ బోటు మీద నిలబడి అంతరిక్ష సంస్థ శాస్త్రవేత్త డాక్టర్ హైమవతి చేతిలోని పెట్టెను పక్కనున్న జాలరి దానయ్యకి చూపించింది. తెర మీద ముక్కలు పడే చోటు చుట్టూ తొమ్మిది కిలోమీటర్ల ఎర్ర వలయం. అన్నిటికన్నా దూరం ఎగిరిన ముక్క తాలూకు చుక్క ఆ గీతకి నలభై మీటర్లు లోపల ఆగింది. ఆమె మురిపెం చూస్తే ఆ పెట్టెని నవమాసాలూ మోసి కన్నదేమో అనిపించేది.

పెట్టె పేరు పారదర్శిని. అది పనిచేసే తీరు తేలికే. రాకెట్ బరువు, మిగిలిన ఇంధనం, పైన పొరపొరకీ మారే గాలి వేగం, వీటిని సెన్సార్ల నుంచి నేరుగా తీసుకుని ముక్కలు ఎంత దూరం వరకు పడతాయో చెబుతుంది. లెక్కలో వాడిన ప్రతి అంకెనూ ఎవరైనా తెర మీద చూసుకోవచ్చు. మధ్యలో మనిషి చెయ్యి ఉండదు. అంతరిక్ష సంస్థ డైరెక్టరు తలకిందులుగా తపస్సు చేసినా అందులో ఒక్క అంకె మార్చలేడు.

ఇంత యంత్రం ఎందుకంటే, కొర్లపాలెం జాలర్లకి ఆ ప్రభుత్వ సంస్థ మాటంటే పూచికపుల్లతో సమానం. పదిహేనేళ్ల కిందట వలల్లో కాలిన రేకులు పడితే అవి తమవి కావన్నారు. వారం తిరక్కుండా ఆ రేకులే తెచ్చివ్వకపోతే కేసులు పెడతామన్నారు. తర్వాత్తర్వాత, ప్రమాదం పది కిలోమీటర్ల వరకే ఉన్నా, ఎందుకైనా మంచిదని ముప్పై అని చాటించేవారు. జాలర్లు అమాయకులేం కాదు. ప్రయోగం రోజు సముద్రం మీద పడవలుండవు, వంజరం చేప బాగా పడుతుంది. ఏటా కొంచెం కొంచెం ముందుకెళ్లి చూసి, చెప్పినదాంట్లో మూడో వంతే నిజమని కనిపెట్టారు. ఆ లెక్క ఇన్నేళ్లలో ఒక్క ప్రాణం తియ్యలేదు. వల అల్లడంతో పాటు దాన్నీ పిల్లలకి నేర్పారు.

దానయ్య ఆ ఊరి పడవలకి పెద్ద. తెర వంక చాలాసేపు చూశాడు.

"తొమ్మిదంటే మూడన్నమాట" అన్నాడు.

"కాదు దానయ్యగారూ, తొమ్మిదంటే తొమ్మిదే. దీనికి అబద్ధం ఆడటం రాదు."

"మీరు అలగే సెప్పాల కదమ్మా. తెర మీద సుక్క సూసినాం గానీ, నీటి మీద ముక్క ఎవులు సూసినారు?"

హైమవతి నొచ్చుకోలేదు. దానయ్యనీ మరో నలుగురినీ ప్రయోగ కేంద్రానికి పిలిపించి మూడు రోజులు ప్రతి గదీ తిప్పింది. అడిగినవీ అడగనివీ విప్పి చెప్పింది. వాళ్లు మర్యాదగా విన్నారు, టీలు తాగారు, దండం పెట్టి వచ్చేశారు. ఇన్ని గదులు చూపించారంటే చూపించని గదులు ఎన్ని ఉంటాయోనని ఆ సాయంత్రం రేవులో అనుకున్నారు. నాకైతే వాళ్లని తప్పుపట్టడానికి నోరు రాదు.

పెట్టెలు పడవకి ఒకటి చొప్పున నలభై రెండు పంచారు. పడవ ఎక్కడుందో కూడా అవి కేంద్రానికి చెబుతాయి, ప్రమాదంలో ఎవరైనా ఉంటే ప్రయోగం ఆపడానికి. హైమవతి ఈ సంగతీ దాచలేదు. తమ మీద నిఘా కోసమే ఇదంతా అని ఊరికి ఖాయమైపోయింది.

తర్వాతి ప్రయోగం ఉదయం కంట్రోల్ రూమ్ తెర మీద నలభై రెండు పెట్టెలూ ఒడ్డునే కనిపించాయి. ఒక్కరూ వేటకి వెళ్లలేదని, ఊరు తన మాట నమ్మిందని హైమవతికి కళ్లు చెమర్చాయి. రాకెట్ లేచింది.

పెట్టెలు ఒడ్డునే ఉన్నాయి. దానయ్య తన పెట్టెని ఇంట్లో అటక మీద పెట్టి వెళ్లాడు. ఆ రోజు కూడా చెప్పిన అంకె తొమ్మిదే. తొమ్మిదిలో మూడో వంతు మూడు. పెళ్లాం పిల్లలున్నవాడు గనుక ఇంకొకటి కలుపుకుని నాలుగు కిలోమీటర్ల దగ్గర వల వేశాడు. ఇనుప ముక్క సరిగ్గా అతని పడవ మీదే పడింది. వెనక పడవ వాళ్లు వలలు అక్కడే వదిలేసి వచ్చి కబురు చెప్పారు.

పారదర్శిని లెక్క రవ్వంత కూడా తప్పలేదని సంస్థ ఆ రోజే ప్రకటించింది. అన్ని రికార్డులూ జనం ముందు పెట్టింది. ఎవరూ తెరిచి చూడలేదు.

హైమవతి కొర్లపాలెం వెళ్లింది. దానయ్య భార్య అసిరమ్మ ఆమెని తిట్టలేదు, చాప వేసి కూర్చోమంది.

"మీ లెక్క తప్పు నేదంట కదమ్మా" అంది. "నేదు. మాదే తప్పు. కానీ ఒక్క మాట. ఎప్పట్లాగే మూడింతలు సెప్పుంటే ఆ మడిసి తొమ్మిది కాడే ఆగీవోడు. మీరు అబద్ధమాడుంటే బతికుండీవోడు తల్లీ."

తిరిగొచ్చిన ఎనిమిదో రోజు హైమవతే ఒక కాగితం రాసి డైరెక్టరుకి ఇచ్చింది. పారదర్శినిలు వెనక్కి తీసుకోవాలి, లెక్కలు జనానికి చూపడం ఆపెయ్యాలి, వచ్చిన అంకెని మూడుతో గుణించి చాటించాలి. డైరెక్టరు ఒక్క ప్రశ్నైనా అడగకుండా సంతకం పెట్టాడు.

ఆ తర్వాతి ప్రయోగానికి ఇరవై ఏడు కిలోమీటర్లని చాటింపు వేశారు. కొర్లపాలెం పడవలన్నీ తొమ్మిది దాటగానే బారులు తీరి వలలు వేశాయి. ఒక్కరికీ గీత కూడా పడలేదు. మధ్యాహ్నం దానయ్య తమ్ముడు చిట్టెయ్య హైమవతికి ఫోన్ చేశాడు.

"ఆ పెట్టెలతోటి మమ్మల్ని సాలా బెదరగొట్టీసినారు మేడమ్" అన్నాడు. "ఇప్పుడు మల్లీ మీ మాట మీద మాకు నమ్మకం కుదిరింది."