పరామర్శకు కూలి

జోగారావు లేవడం లేదు. తెచ్చిన అరటిపళ్ళ అత్తం గోడవారగా పెట్టాడు, పోయిన మనిషి ఫొటోకు దండం పెట్టుకున్నాడు, సన్యాసిరావు చాలా మంచివాడని రెండుసార్లు అన్నాడు. దాంతో మాటలు అయిపోయాయి. అయినా కుర్చీలోంచి కదలకుండా, మెడలోని బిళ్ళను వేలితో నిమురుకుంటూ, మధ్యమధ్య గొంతు సవరించుకుంటూ కూర్చున్నాడు. అతను దేనికోసం కూర్చున్నాడో నూకరత్నానికి తెలుసు. ఆమె మొగుడు పోయి ఇది మూడోనాడు. లోపల ఆడపడుచు చిన్నదినం వంట చేస్తోంది. ఇలా గొంతు సవరించుకునేవాళ్ళను పొద్దుటినుంచీ ఆమె ఎంతమందిని చూసిందో లెక్కలేదు.

“అందింది,” అంది రత్నం.

బిళ్ళ సన్నగా మోగింది. జోగారావు ముఖం తేటపడింది. చెప్పులేసుకుని చరచరా వెళ్ళిపోయాడు. గేటు దగ్గర తర్వాతి మనిషి అప్పటికే టిఫిన్ క్యారియరు పట్టుకుని నిలబడి ఉంది.

చావింటికి పరామర్శకు వెళ్ళినవాళ్ళు తిరిగి వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తామని చెప్పకపోవడం మన పద్ధతి. చడీచప్పుడు లేకుండా లేచిపోతారు. ఇంటివాళ్ళూ చూడనట్టే ఉంటారు. అందులో ఎంత మర్యాద ఉందో దాన్ని పోగొట్టుకున్నాక గాని తెలియలేదు. ఇప్పుడు ఇంటివాళ్ళు నోరు విప్పి రసీదు ఇస్తే గాని వచ్చినవాళ్ళు కదలరు. మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడదాని చేత పూటపూటా అందింది, అందింది అని చెప్పించుకుంటున్నారు. శవాల మీద పేలాలు ఏరుకోవడం అంటే ఏమిటో మన పెద్దవాళ్ళు చూసే అన్నారు. ఈ ఏరుకోవడానికి యంత్రం కూడా వస్తుందని మాత్రం వాళ్ళు ఊహించి ఉండరు.

ఆ యంత్రం అసలు పేరు సౌహార్దమాపకం. జనం నోట్లో బిళ్ళ అయింది. ఉద్యోగం ఉన్న ప్రతి మనిషి మెడలోనూ సన్నటి పట్టీకి వేలాడుతూ ఉంటుంది. నిద్రలో కూడా తీయకూడదు. తీస్తే ఉద్యోగం తీసినట్టే. ఎదుటి మనిషి గొంతు, ఊపిరి, నాడి పట్టి చూసి, మీ వల్ల ఆ మనిషికి మేలు జరిగిందా లేదా అని అది తూకం వేస్తుంది. వెళ్ళి పలకరించినందుకే సగం మార్కులు పడతాయి. మేలు పొందిన మనిషి అందింది అని పైకి అనగానే తక్కిన సగం మీ ఖాతాలో చేరతాయి. ఏ షిఫ్టు ఇవ్వాలి, ఎవరికి ప్రమోషన్ ఇవ్వాలి, ఎవరికి అద్దెకు ఇల్లివ్వాలి, ఎవరి పిల్లకు ఏ బడిలో సీటివ్వాలి, అన్నిటికీ ఆ మార్కులే ఆధారం.

దీని పుట్టుక రత్నం పనిచేసే చోటే జరిగింది. విశాఖలో ఇప్పుడు బస్సులో డ్రైవరు కూర్చోడు. కంచరపాలెం దగ్గర దూరచోదన కేంద్రమని ఒక పెద్ద హాలుంది. అందులో వరసగా కూర్చున్న చోదకులు తెరల మీద దారి చూసుకుంటూ, ఎక్కడో మధురవాడలో పోతున్న బస్సును ఇక్కడి చక్రంతో తిప్పుతుంటారు. రెప్ప వేయడానికి లేని పని. అందుకని మొదటినుంచీ వాళ్ళలో ఒక అలవాటుంది. పక్క మనిషికి కళ్ళు మూతలు పడుతున్నాయనో, ఇంటి బెంగతో చూపు చెదురుతోందనో అనిపిస్తే, అడక్కుండా చెయ్యి చాపి ఆ బస్సును కాసేపు తమ తెర మీదికి లాక్కుంటారు. దాన్ని పట్టు అందుకోవడం అంటారు. అందుకున్న మనిషికి థాంక్స్ చెప్పకూడదు. చెబితే, నేను పరాయిదాన్నా అని నిష్ఠూరమాడతారు.

యాజమాన్య శాస్త్ర పీఠం నుంచి పరిశోధకులు వచ్చి, హాల్లో ఒక మూల కూర్చుని, ఇది చూసి మురిసిపోయారు. ఉద్యోగులు ఒకరికొకరు అడక్కుండా సాయపడే చోట ప్రమాదాలు తక్కువనీ, పని మానేసి పోయేవాళ్ళు తక్కువనీ పెద్ద పత్రం రాశారు. ఆ గుణానికి అయాచిత సహకార ప్రవర్తన అని పేరు పెట్టారు. అంతవరకూ బాగానే ఉంది. చూసింది రాశారు, రాసింది నిజమే. అక్కడితో ఊరుకుని ఉంటే వాళ్ళ సొమ్మేం పోయేది? ఊరుకోలేదు. ఇంత మంచి గుణాన్ని పెంచాలన్నారు. పెంచాలంటే ముందు కొలవాలన్నారు. కొలవడానికి బిళ్ళ కట్టారు.

అడక్కుండా, చెప్పకుండా చేస్తేనే కదా అది సాయం? మార్కు కట్టిన రోజున అది డ్యూటీ అయి కూర్చుంది. డ్యూటీ అయ్యాక అందులోకి పోటీ వచ్చింది. హాల్లో ఎవరైనా కన్ను నులుముకుంటే చాలు, రెండు పక్కలనుంచీ చేతులు దూసుకొచ్చేవి. నలత లేని మనిషి చేతిలోంచి కూడా బస్సును లాక్కుని, అందింది అను, అందింది అను అని వెంటపడేవారు. పీఠం వాళ్ళ గ్రాఫులో మాత్రం సౌహార్దం కొండెక్కింది. ఆ గ్రాఫు చూసి తక్కిన ఆఫీసులు, ఆసుపత్రులు, బ్యాంకులు, ఒకటేమిటి, అన్నీ బిళ్ళ కట్టుకున్నాయి.

ఆ హాల్లో రత్నం పక్క సీటు వరహాలమ్మది. రత్నం కంటే నాలుగైదేళ్ళు పెద్దది. బిళ్ళ లేని రోజుల నుంచీ రత్నం పట్టు అందుకున్న మనిషి. సన్యాసిరావు కేంద్రం బయట టిఫిన్ బండి పెట్టుకునేవాడు. వరహాలమ్మను అప్పా అని పిలిచి, ఆవిడ ప్లేటులో అల్లప్పచ్చడి అడక్కుండానే ఇంకో గరిటె వేసేవాడు. సొంత తమ్ముడు లేని వరహాలమ్మ అతన్నే తమ్ముడనుకుంది.

బిళ్ళలు వచ్చిన కొత్తలో అందరికంటే ఎక్కువ మార్కులు ఆవిడకే వచ్చాయి. రాక ఏం చేస్తాయి, పుట్టుకతో వచ్చిన గుణం కదా. పీఠం వాళ్ళు ఆవిడ ఫొటోను హాలు గోడకు తగిలించి, కింద ఆదర్శ సహకారి అని రాశారు. మర్నాటినుంచి ఆవిడ ఎవరికి మంచినీళ్ళు ఇచ్చినా, మార్కులకోసమే కదా అన్నట్టు వెనక నవ్వుకోవడం మొదలైంది. ఆ నవ్వులు వరహాలమ్మ చెవిన పడ్డాయి. అప్పటినుంచి మనిషి మాట తగ్గించింది, చెయ్యి చాపడం తగ్గించింది.

అదంతా తెలిసినా, సన్యాసిరావు పోయిన వార్త తెలిశాక ఆవిడ రాకపోవడం రత్నానికి మింగుడు పడలేదు. ముఖం చూసి పలకరించని వాళ్ళంతా పళ్ళు పట్టుకుని వచ్చారు. ఈవిడ మాత్రం శవం లేచేటప్పుడు రాలేదు, చిన్నదినానికి రాలేదు, ఒక ఫోనైనా చేయలేదు. గేటు చప్పుడైనప్పుడల్లా రత్నం తల ఎత్తి చూసింది. ఎత్తిన ప్రతిసారీ ఎవరో ఒకరు బిళ్ళ సర్దుకుంటూ లోపలికి వచ్చారు.

మర్నాడు పీఠం నుంచి హిమజ అనే పరిశోధకురాలు వచ్చింది. వెంట కేంద్రం పర్యవేక్షకుడు దాలినాయుడు. హిమజ చిన్నపిల్ల, చదువుకున్న పిల్ల, మాట మెత్తన. రత్నం దుఃఖ సమయంలో సహకార ప్రవాహం ఎన్నడూ లేనంత ఉన్నత స్థాయిలో నమోదయిందని, అది వినగానే రత్నం సంతోషిస్తుందన్నట్టు చెప్పింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. ఈ పిల్ల నిప్పడగడమే కాదు, మంట బాగా వచ్చిందని మెచ్చుకుంటోంది. ఒక్కటే లోపమట. హాల్లో అందరి ఖాతాల్లోనూ ఎంతో కొంత చేరింది, వరహాలమ్మ ఖాతాలో సున్నా. పక్క సీటు మనిషి ఇంట చావు జరిగితే కదలని ఉద్యోగిని నిర్లిప్త వర్గంలో చేర్చాలని, ఆ వర్గంవాళ్ళను సీట్లో ఉంచకూడదని నియమం. అయితే యంత్రం ఒక్కోసారి పొరబడవచ్చు. అందుకని గ్రహీతను స్వయంగా అడిగి నిర్ధారించుకోవడానికి వచ్చిందట.

“ఆవిడ నుంచి మీకు ఏ రూపంలోనైనా, ఏమైనా అందిందా అమ్మా?” అని అడిగింది హిమజ.

దాలినాయుడు ఇరవయ్యేళ్ళుగా హాల్లో ఉన్న మనిషి. అతను నేల చూపులు చూస్తూ, “తొందర పడకు రత్నం. బాగా ఆలోసించి సెప్పు. నీ ఒక్క మాట మీద ఉన్నాది ఆవిడ సీటు,” అన్నాడు.

 వచ్చి కూర్చుని రసీదులు పుచ్చుకుని పోయినవాళ్ళందరి మీదా రగులుతున్న కోపం, ఎదురుగా ఉన్న ఈ మెత్తని పిల్ల మీద కోపం, అన్నీ కలిసి ఎటు పోవాలో తెలియక రాని మనిషి మీదికి మళ్ళాయి. అందరికీ అబద్ధం చెప్పాను, ఆవిడ ఒక్కదాని విషయంలో నిజం చెబుతాను అనుకుంది రత్నం.

“నాకేటీ అందలేదు,” అంది.

ఆ సాయంత్రమే వరహాలమ్మ బిళ్ళ కత్తిరించేశారని, సీటు తీసేశారని దాలినాయుడు ఫోన్ చేసి చెప్పాడు. తిట్టలేదు, తప్పు పట్టలేదు, పెద్దదినం లోపల గ్రహీత మాట మార్చుకోవచ్చని మాత్రం చెప్పి పెట్టేశాడు. రత్నం చల్లారిన అన్నం ముందు చాలాసేపు కూర్చుంది. కసి తీరుతుందనుకుంది గాని తీరలేదు. ఒక్క ముద్ద దిగలేదు.

తెల్లవారి వాకిట్లో నీళ్ళు చల్లుతుంటే గేటు చప్పుడైంది. వరహాలమ్మ. చేతిలో పళ్ళు లేవు, క్యారియరు లేదు. మెడ చుట్టూ, ఇన్నేళ్ళూ పట్టీ ఉన్న చోట, చర్మం పాలిపోయి తెల్లటి చార ఉంది.

“ఇప్పటికి తోవ తెలిసిందేటి అప్పా?” అంది రత్నం. గొంతులో విషం దాచుకోలేదు.

వరహాలమ్మ లోపలికి వచ్చి, సన్యాసిరావు ఫొటో ముందు కటిక నేల మీద కూలబడింది.  తర్వాత ఉన్నదున్నట్టు చెప్పింది. శవం లేచిన రోజున వీధి చివర, మాపకాలు పసిగట్టలేనంత దూరంలో, స్తంభం పక్కన నిలబడి అంతా చూసిందట. గడప దాకా వస్తే చాలు, మెడలో బిళ్ళ మోగుతుంది. రత్నం నోరు విప్పినా విప్పకపోయినా వచ్చినందుకు సగం మార్కులు ఎలాగూ పడతాయి, ఫోన్ చేసినా అంతే. తీసేసి వద్దామంటే ఉద్యోగం పోతుంది, కాళ్ళు కదలని తల్లి ఇంట్లో ఉంది. అలా ఎటూ తేల్చుకోలేక వీధి చివరే ఆగిపోయిందట.

“నన్ను అప్పా అని పిలిసినోడే,” అంది వరహాలమ్మ. “ఆడి సావుకి నాను కూలి పుచ్చుకోనా? నా వల్ల కాలేదే రత్నం. నిన్న ఆల్లే కత్తిరించీసినారు. అందుకే ఒచ్చాను.”

రత్నం చేతిలోని చెంబు కింద పెట్టేసింది. హిమజ అడిగిందీ తాను చెప్పిందీ ముక్క దాచకుండా చెప్పింది. నీ సీటు తీసింది వాళ్ళు కాదు అప్పా, నేను, అంది. పెద్దదినం లోపల గ్రహీత మాట మార్చుకోవచ్చని దాలినాయుడు అన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. తన మెడలో బిళ్ళ ఉండనే ఉంది. పేరు చెప్పి ఒక్క మాట అంటే సీటు తిరిగి వస్తుంది. అనడానికి నోరు తెరిచింది.

వరహాలమ్మ చటుక్కున ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. “అన్నావంటే లేసి పోతాను. బతకడానికి ఏదో ఒకటి సేసుకుంటాను. మన సాయాలు, మన సావులు, అన్నీ లెక్కల్లో కలిపీసినారు. ఈడొక్కడ్నీ వొగ్గీయే.”

చెయ్యి తీశాక కూడా రత్నం ఆ మాట అనలేదు. అనకపోవడం ఎంత కష్టమయిందో ఆమెకే తెలుసు. ఆవిడ సీటు, ఆవిడ తల్లి మందులు, అన్నీ ఆ మాటలోనే ఉన్నాయి. ఆవిడ వద్దంది కూడా ఆ మాటనే.

“ఎలాగ పోయాడే?” అని అడిగింది వరహాలమ్మ. “మొత్తం సెప్పు.”

ఇన్నాళ్ళూ ఎవరూ అడగని మాట అది. పూర్వం పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళూ అదే అడిగేవారు. ఇంటివాళ్ళు చెప్పిందే చెప్పి, ఏడ్చిందే ఏడ్చి, చెబుతూ చెబుతూనే కాస్త తేరుకునేవారు. కాని ఏడిస్తే నాడి పెరుగుతుంది, ఊపిరి చెదురుతుంది. మాపకం దృష్టిలో అది కీడు. ఏడిపించిన మనిషికి మార్కులు తెగుతాయి. అందుకని వచ్చినవాళ్ళంతా మెత్తగా, మంచిగా, ఎండ గురించీ పిల్లల చదువుల గురించీ మాట్లాడి పోయారు. మొగుడు పోయాక రత్నం కంట చుక్క నీరు రాలేదు.

“పొద్దున్నే పిండి కలుపుతున్నాడు అప్పా,” అంది రత్నం. “ఉప్పు సరిపోయిందో లేదో సూడమని నన్ను పిలిసాడు. నానేమో షిఫ్టుకి టైమయిపోతుందని, నువ్వే సూసుకో అని కసిరాను. అంతే. గిన్నె పడిన సప్పుడైంది. వొచ్చి సూస్తే...”

 మూడు నాలుగు రోజులుగా గడ్డకట్టి ఉన్నదంతా ఒక్కసారిగా కట్ట తెంచుకుంది. వీధిలోవాళ్ళు బయటికి వచ్చి చూసేంత గట్టిగా ఏడ్చింది. ఆమెను పట్టుకుని వరహాలమ్మా ఏడ్చింది.

రత్నం మెడలోని బిళ్ళకు ఎర్ర దీపం వెలిగింది. పసిపిల్లను లాలించే గొంతుతో అది మాట్లాడింది.

“మీ దుఃఖం ప్రమాద స్థాయికి పెరుగుతోంది. మీ పక్కనున్న వ్యక్తి వల్ల మీకు హాని జరుగుతోంది. దయచేసి ఆ వ్యక్తికి దూరంగా జరగండి.”

రత్నం ఇంకొంచెం దగ్గరికి జరిగి, గిన్నె పడిన దగ్గరనుంచి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది.