కాళ్ళందని కుర్చీ

"అయ్యో! మీ కాళ్ళు గాల్లో ఉన్నాయేంటండీ?"

అంబులెన్స్ కంట్రోల్ రూమ్‌లో కొత్తగా చేరిన అతను, కిటికీ పక్క డెస్కు ముందు కూర్చోగానే విన్న మొదటి మాట అది. అన్నది అప్పుడే ఆ కుర్చీలోంచి లేచిన అమ్మాయి. మొహం చూద్దామని అతను తలెత్తాడు. ఇంకాస్త ఎత్తాడు. అప్పటికి గానీ మొహం దొరకలేదు.

"ఊయల అనుకున్నారా? కావాలంటే వెనక నుంచి తోస్తాను," అని ఫక్కున నవ్వింది.

గదంతా నవ్వింది. అతని చెయ్యి కుర్చీని దించే లివర్ దాకా వెళ్ళి ఆగిపోయింది. ఇప్పుడు దించితే, ఎంత దించాడో చూసి మళ్ళీ నవ్వుతారు.

"నాకు ఇలాగే అలవాటండీ," అన్నాడు, చెవులు ఎర్రబడుతుంటే.

పచ్చి అబద్ధం. కానీ పౌరుషం ముందు పుట్టి, బుద్ధి తర్వాత పుట్టిన రకం మనవాడు. ఆ రోజు నుంచి లివర్ జోలికి పోలేదు.

ఆ గదిలో పద్ధతి అలాంటిది. పొద్దుటి షిఫ్టు ఆమెది, మధ్యాహ్నం షిఫ్టు అతనిది, డెస్కూ కుర్చీ మాత్రం ఇద్దరికీ ఒకటే. ఫోన్లు ఆగవు కాబట్టి, వచ్చినవాళ్ళు హెడ్‌సెట్ తగిలించుకోగానే పనిలో పడిపోవాలి. సర్దుకుని కూర్చుందామనుకునేలోపే ఫోను మోగుతుంది. అందరూ ఆమెని నిచ్చెన అనేవాళ్ళు. త్వరలోనే అతనికీ చిన్నసారు అని పేరు పడిపోయింది.

ఆ షిఫ్టు మారే కాసేపే వాళ్ళిద్దరికీ దొరికేది.

"బయట వాన మొదలైంది. బైకులవాళ్ళు జారిపడతారు, ఫోన్లు ఎక్కువొస్తాయి. జాగ్రత్త చిన్నసారూ."

"వాన సంగతి మాకంటే ముందు మీకే తెలుస్తుంది లెండి. మీరు కాస్త దగ్గర కదా!"

ఆమె పగలబడి నవ్వింది. ఆ నవ్వు వినడానికే మర్నాడు ముందుగా వచ్చాడు. ఆ తర్వాత రోజూ ముందుగానే వచ్చాడు.

కానీ కుర్చీ ఊరుకోలేదు. కాళ్ళకి ఆసరా లేక, అతను ముందుకి జారి అంచు మీద కూర్చునేవాడు. ఒంటి బరువంతా మణికట్ల మీద, మణికట్లు బల్ల అంచు మీద. అలాగే గంటల తరబడి టైపింగ్. మొదట వేళ్ళు తిమ్మిరెక్కాయి. తర్వాత పొద్దున్నే లేస్తే కుడిచెయ్యి తనది కానట్టుండేది. విదిలించుకునేవాడు. ఎవరికీ చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె హెడ్‌సెట్ అందించింది. అతని చేతిలోంచి జారి పడింది. తీశాడు. మళ్ళీ జారింది. ఎలాగో తగిలించుకోగానే ఫోను మోగింది.

"మా నాన్న కూలబడిపోయాడండీ! త్వరగా రండి!"

"చిరునామా చెప్పండమ్మా," అన్నాడు. అవతలావిడ చెబుతోంది. అతను వింటున్నాడు, పైకి చెబుతున్నాడు, కానీ వేళ్ళు కదలడం లేదు. తెర మీద ఒక్క అక్షరం పడలేదు.

అంతలో అతని భుజాలకి రెండువైపుల నుంచీ రెండు పొడుగాటి చేతులు వచ్చాయి. ఒక చేతికి రెయిన్‌కోటు సగం తొడిగి ఉంది. ఆమె అతని తల మీదుగా తెర చూస్తూ, అతను పలికిన చిరునామా టకటకా కొట్టేసింది. అంబులెన్స్ కదిలింది. సమయానికే చేరింది.

"చెయ్యి చూపించండి," అంది ఆమె. చూపించాడు. వేళ్ళు చల్లగా, మొద్దుబారి ఉన్నాయి. "ఎప్పటి నుంచి ఇలా?"

"మీరు ఊయల అన్నప్పటి నుంచి."

ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. ఒక్క నవ్వు నవ్వినందుకు ఒక మనిషి చెయ్యి పడిపోవడమా!

"ఒక్క మాట చెప్పొచ్చుగా! అంత పౌరుషమైతే నన్ను తిట్టొచ్చుగా!"

"తిడితే మర్నాడు మాట్లాడరేమోనని..."

ఆమె కళ్ళు కుర్చీ కిందున్న లివర్ మీదికి వెళ్ళాయి.

సూపర్‌వైజర్ మేడమ్ అతన్ని ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపిస్తూ కుండబద్దలు కొట్టింది. "చెయ్యి దారిలో పడితే సరే. లేకపోతే ఊరి చివర మన సామాన్ల స్టోర్స్‌కి మార్చేస్తాను. ఇక్కడ వేళ్ళు ఆగితే ప్రాణాలు పోతాయి బాబూ."

విశ్రాంతి తీసుకుని, మణికట్టుకి పట్టీతో అతను తిరిగొచ్చాడు. కొన్నాళ్ళు అతని పని చూసి తేలుస్తానంది మేడమ్. కుర్చీ ఇప్పుడు కిందికి దిగి ఉంటోంది, కాళ్ళు నేలకి ఆనుతున్నాయి. ఎవరో మరమ్మతు చేశారనుకున్నాడు. భుజాలు మాత్రం కొత్తగా లాగుతున్నాయి.

ఒకరోజు మరీ ముందుగా వచ్చి, అద్దాల తలుపులోంచి చూసి కొయ్యబారిపోయాడు. ఆ కిందికి దిగిన కుర్చీలో ఆమె కూర్చుని ఉంది. మోకాళ్ళు బల్లకి కొట్టుకుంటున్నాయి, నడుము మడతపెట్టిన గొడుగులా ఉంది. అలాగే ఫోను మాట్లాడుతోంది.

"ఏంటండీ ఇది!" కాల్ అవగానే లోపలికి దూసుకెళ్ళాడు.

"మీరొచ్చేసరికి ఫోను మోగుతుందిగా. దించుకునే టైముండదు. అందుకే ముందే దించేస్తున్నా."

"మరి మీ నడుము?"

"నాది పొడుగు నడుము లెండి. కొంచెం పోయినా ఇంకా మిగులుతుంది."

అతనికి నవ్వు రాలేదు.

ఆ రోజే డెస్కు చూడ్డానికి వచ్చిన ఫిజియోథెరపిస్టు ఇద్దరినీ చూసి తల పట్టుకుంది.

"కుర్చీ ఎవరు దించమన్నారు? బల్ల దిగదుగా! అతని భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి, మణికట్టు మళ్ళీ వంగుతోంది. కుర్చీ ఎత్తుగానే ఉంచండి. మోచేతులు బల్లకి సమంగా, తెర కళ్ళకి ఎదురుగా. వెన్ను కుర్చీకి ఆనించి, పాదాల కింద గట్టిగా ఒక పీట పెట్టుకోండి. ఫోనుకీ ఫోనుకీ మధ్య చేతులు వదులు చెయ్యండి. మీరేమో అమ్మా, ఇంకోసారి ఇలా వంగి కనిపిస్తే మిమ్మల్నే పడుకోబెడతాను!"

సాయంత్రం ఆమె, తమ ఇంటి వెనక షెడ్డులో వడ్రంగి పని చేసుకుంటున్న తండ్రి దగ్గరికి వెళ్ళింది.

"నాన్నా, ఒక చిన్న పీట కావాలి. డెస్కు కింద పెట్టడానికి."

"ఎంత ఎత్తు తల్లీ?"

"జానెడుకి రెండు వేళ్ళు తక్కువ. కొంచెం వాలుగా ఉండాలి. బరువుగా చెయ్యి, ఎడమ కాలు ఊపుతాడు."

ఉలి ఆగిపోయింది.

"ఊపుతాడా? ఎవరు?"

"డెస్కు నాన్నా, డెస్కు."

"డెస్కు కాళ్ళు ఊపుతుందా?"

ఆమె అక్కణ్ణుంచి మాయమైపోయింది.

మర్నాడు షిఫ్టు మారే వేళకి, వానలో తడుస్తూ, చంకలో పీటతో తండ్రే స్వయంగా కంట్రోల్ రూమ్‌కి వచ్చాడు. ఆమెకంటే పొడుగు. చూసి చిన్నసారుకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన అతన్ని పైనుంచి కిందికి చూశాడు. చూపు త్వరగానే అయిపోయింది.

"ఇంతేనా?"

"నాన్నా!"

"కూర్చో బాబూ," అని ఆయన మోకాళ్ళ మీద వంగి డెస్కు కింద పీట జరిపాడు. అతను ఎత్తు కుర్చీలో వెన్ను ఆనించి కూర్చున్నాడు. పాదాలు పీటకి ఆనాయి. కొలిచినట్టు సరిపోయింది.

"మా అమ్మాయి ఇంట్లో ఎవరి కాళ్ళ గురించీ మాట్లాడిన మనిషి కాదు," అన్నాడాయన లేవకుండానే. "నువ్వేమంటావు?"

పౌరుషం ఎక్కడికి పోయిందో, ఈసారి నిజమే వచ్చింది.

"స్టోర్స్‌కి పంపిస్తామంటే ఉద్యోగం గురించి కాదండీ నేను భయపడింది. రోజూ ఈవిడ ఈ కుర్చీలోంచి లేచి నాతో మాట్లాడే ఆ కాసేపు పోతుందని. ఈవిడంటే నాకు ప్రాణం."

అప్పుడే ఫోను మోగింది. ఆమె ఉలిక్కిపడి, తన తల మీది హెడ్‌సెట్ తీసి, తన చేతులతోనే అతని తలకి తొడిగింది.

అతను చిరునామా అడిగాడు. అక్షరాలు ఒక్కటీ తప్పకుండా తెర మీద పడ్డాయి. అంతవరకూ ఊపిరి బిగబట్టి చూసిన సూపర్‌వైజర్ మేడమ్, స్టోర్స్ మాట మర్చిపోయినట్టు తన సీట్లోకి వెళ్ళి కూర్చుంది.

తండ్రి మోకాళ్ళు దులుపుకుంటూ లేచాడు. "పని అయిపోయినట్టే కదా తల్లీ?"

"లేదు నాన్నా. ఇంకో పీట చెయ్యాలి."

"అదెక్కడికి?"

"మనింటికి. మన కుర్చీలు కూడా ఎత్తే కదా!"