విమానానికి ఐషాడో

ప్రొద్దుటూరు మైదుకూరు రోడ్డులోని టింకరింగ్ షెడ్డు ముందు ఆటో ఆగీ ఆగకముందే ఒక అమ్మాయి కిందికి దూకింది. ఆమె కుడి చెంప మీద చెవి దాకా బూడిద రంగు చార. చంకలో చిన్న కంప్రెసర్ మిషను.

“అన్సర్ అంటే ఎవరీడ?”

కారు డోరుకు ఎమరీ పేపర్ రుద్దుతున్న కుర్రాడు లేచి నిలబడ్డాడు.

“నేనే. ఏమైంది మేడమ్?”

“ఏమైందో నా మొగం చూస్తే తెలీలేదా?”

అన్సర్ చూశాడు. చూడాల్సిన దానికంటే కొంచెం ఎక్కువసేపే చూశాడు.

“బాగుండాది,” అన్నాడు, నోరు జారి.

“ఏంది బాగుండేది?”

“అదే... ఆ షేడు. మిగ్ విమానం గ్రే అది. నేను కలిపిందే.”

“విమానం రంగు నా చెంపకెందుకప్పా?”

జరిగింది ఇదీ. ఆ అమ్మాయి పేరు ఇరమ్, అదే ఊళ్లో మోడంపల్లెలో పార్లర్ నడుపుతుంది. పెళ్లికూతుళ్లకు గాలితో రంగు చిమ్మే ఎయిర్ బ్రష్‌తో మేకప్ వేయడంలో ఆమెకు మంచి పేరు. అన్సర్ పగలు నాన్నతో కలిసి కార్లకు పెయింట్ కొడతాడు. సాయంత్రమైతే అలాంటి ఎయిర్ బ్రష్‌తోనే ప్లాస్టిక్ యుద్ధ విమానాల మోడళ్లకు రంగులు వేస్తాడు. ఇద్దరి మిషన్లూ ఒకే వారంలో మొరాయించాయి. ఇద్దరూ రిపేరుకు హబీబుల్లా కొట్టుకే ఇచ్చారు. ఇద్దరూ “జమ్మలమడుగు పెండ్లికి కావల్ల, అర్జెంటు” అనే చెప్పారు. పాపం హబీబుల్లా ఒకరి మిషను ఇంకొకరికి ఇచ్చి పంపించాడు.

“నా చెంప మీద ట్రయల్ కొట్టుకున్నా కాబట్టి సరిపాయ. పెండ్లికూతురి మొగాన కొట్టింటే నా కొంప మునిగిపోయేది,” అంది ఇరమ్.

“అది నీళ్ల పెయింటే మేడమ్. కొబ్బరి నూనె రాసి తుడిస్తే పోతాది.”

“నా మిషను యాడ?”

అన్సర్ తల గోక్కుంటూ షెడ్డు మూలనున్న బల్ల దగ్గరికి తీసుకెళ్లాడు. బల్ల మీద ఆమె కంప్రెసర్ ఉంది. దాని పక్కన జానెడున్నర పొడవు విమానం. ఒళ్లంతా బూడిద రంగు. ఎడమ రెక్క మాత్రం పెళ్లికూతురి బుగ్గలా నిగనిగలాడుతోంది.

“మీ మిషన్లో ఏముందో చూసుకోకుండా కొట్టేసినా,” అన్నాడు నేల చూపులు చూస్తూ.

ఇరమ్‌కు కోపం ఎక్కడికి పోయిందో పోయింది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వాపుకుని విమానం మీదికి వంగి చూసింది.

“అది సరే. దీన్ని ఏ చెత్తకుప్పలో ఏరుకొచ్చినావు? పొట్టంతా ఇంత మురికిగా ఉండాది!”

“కొత్తదే మేడమ్. ఆ మురికి నేను పెట్టిందే.”

కారు కింద నుంచి ఒక గొంతు వచ్చింది. అది అన్సర్ నాన్న అబ్దుల్ వాహిద్‌ది.

“అదే మా కర్మ తల్లీ! పగలంతా గుద్దేసిన కార్లను కొత్తగా చేస్తాడు. పొద్దుగూకితే కొత్త విమానాలను పాతగా చేస్తాడు. వానికి నువ్వైనా చెప్పు.”

“దాన్ని వెదరింగ్ అంటారు నాయనా,” అని గొణిగి, అన్సర్ ఇరమ్ వైపు తిరిగాడు. “ఇది జమ్మలమడుగులో జయకర్ సార్ కోసం మేడమ్. ఆయన ఎయిర్ ఫోర్స్‌లో ఈ విమానాలకే పని చేసినాడు. ఇంజిన్ విప్పడం, బిగించడం, తుడవడం అన్నీ ఆయన చేతుల మీదే. మొన్న వీటన్నిటికీ రిటైర్మెంట్ ఇస్తాంటే టీవీ ముందు కూర్చోని అన్నం గూడా తినలేదంట. వాళ్ల పాప ఆ మాట చెప్పి ఏడ్చేసింది. పెండ్లినాడు చర్చికి పోయే ముందు నాయన చేతిలో దీన్ని పెట్టాలని ఆమె కోరిక. షోరూం బండి మాదిరి మెరుస్తాంటే ఆయనది అనిపిస్తాదా?”

ఇరమ్ కళ్లు పెద్దవయ్యాయి. “జయకర్ సార్ కూతురంటే లిడియానా? నా పెండ్లికూతురు ఆమే!”

ఒక్క క్షణం ఇద్దరూ ఒకే ఇంటి పనివాళ్లలా ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఇరమ్ తన వృత్తి కళ్లతో విమానాన్ని మళ్లీ చూసింది.

“ఒక మాట చెప్తా, ఏమనుకోవద్దు. తోక కాడ మసి బాగలేదు. ఏడిస్తే కాటుక కారినట్టుండాది. మసి యాడ మొదలైందో, యాడ అయిపోయిందో తెలీకుండా కలిసిపోవాల. రేపు నా డబ్బా తెస్తా, చూడు.”

తర్వాతి సాయంత్రం ఆమె నిజంగానే ఐషాడో డబ్బా తెచ్చింది. మెత్తని బ్రష్షుతో ముదురు గోధుమ రంగు పొడి అద్ది, గాలికి ఊదినంత తేలిగ్గా తోక చుట్టూ తిప్పింది. ఇంజిను వేడికి కమిలిన లోహం మీద కనబడే నీలం, ఊదా రంగులు కూడా ఆ డబ్బాలోనే దొరికాయి. అన్సర్ ఊపిరి బిగబట్టి చూశాడు. చూసింది విమానాన్ని కాదు.

“దీని మీద క్లియర్ కోట్ కొట్టాల,” అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

“కొడితే ఈ షేడంతా చచ్చిపోతాది. కొట్టొద్దు.”

“కొట్టకుంటే చెయ్యి తగిలినా ఊడిపోతాది.”

“అయితే చెయ్యి తగలకుండా చూసుకో. నా మాట వింటావా, వినవా?”

విన్నాడు.

అప్పటినుంచి పార్లర్ మూసి ఇంటికెళ్లే దారిలో ఇరమ్‌కు మైదుకూరు రోడ్డే దగ్గరైంది. రెక్కల అంచుల్లో పెయింట్ లేచిపోయినట్టు చూపించడానికి స్పాంజి ముక్క ఎలా అద్దాలో ఆమె నేర్పింది. రేకుల అతుకుల గీతల్లోకి పలచటి రంగును ఎలా పారించాలో అతను చూపించాడు. మొదట ‘మేడమ్’ పోయింది. తర్వాత ‘మీరు’ కూడా పోయింది. వాన పడితే రేకుల మీద చప్పుడుకు మాటలు వినబడేవి కావు. దగ్గరికి జరిగి మాట్లాడుకోవాల్సి వచ్చేది. ఆ ఏడు వానలు బాగానే పడ్డాయి.

ఒకరోజు స్పానర్ కోసం వెతుకుతున్న అబ్దుల్ వాహిద్‌కు టూల్ బాక్సులో ఐషాడో డబ్బా దొరికింది.

“ఇదేందిరా?”

“విమానానికి నాయనా.”

“విమానానికి గూడా పెండ్లి చేస్తాండావా?” అని, కొడుకు ముఖంలోకి చూసి, ఇంకేమీ అడక్కుండా డబ్బాను ఉన్నచోటే పెట్టేశాడు.

పెళ్లి ఇంకో వారం ఉందనగా ఇరమ్ షెడ్డుకు వచ్చింది కానీ కూర్చోలేదు.

“ఆదివారం పులివెందుల నుంచి వచ్చి చూసిపోయినారు. పిల్లోనికి ఆడ బట్టల షాపుంది. వాళ్లకు నేను నచ్చినానంట.”

అన్సర్ చేతిలో సన్న బ్రష్షు ఉంది. తోక మీద, లిడియా చెప్పిన ఆమె తండ్రి విమానం నంబరుకు చివరి గీత దిద్దుతున్నాడు. వేలికి రంగంటిన టింకరింగ్ షెడ్డు వాడు, బట్టల షాపు వాడికి ఎలా పోటీ వస్తాడు?

“మంచిదే కదా,” అన్నాడు తలెత్తకుండా.

“మంచిదేనా?”

“మంచి సంబంధం కదా మల్ల.”

“పెండ్లయినాక పార్లర్ మూసెయ్యాలంట. అది గూడా మంచిదేనా?”

అన్సర్ తలెత్తేసరికి ఆమె రోడ్డు దాటుతోంది. వెనక పరిగెత్తాలనుకున్నాడు. చేతిలో బ్రష్షు తడిగా ఉంది. అది ఎక్కడ పెట్టాలో తేల్చుకునేలోపు ఆటో వెళ్లిపోయింది. తర్వాత చేసిన ఫోన్లేవీ ఆమె ఎత్తలేదు.

పెళ్లి ముందు రోజు సాయంత్రం అన్సర్ జమ్మలమడుగు వెళ్లి విమానాన్ని లిడియా చేతికిచ్చి వచ్చాడు. ఆమె చూసి కళ్లు తుడుచుకుంది. “రేపు మీరు, మీ నాయన తప్పకుండా రావాల,” అని మాత్రం అంది.

తెల్లారేసరికి వాన. బైకు వద్దని అబ్దుల్ వాహిద్ పట్టుబట్టడంతో తండ్రీకొడుకులు బస్సెక్కారు. సగం దారి దాటగానే అన్సర్ ఫోను మోగింది. ఇరమ్! వీడియో కాల్.

తెర మీద ఆమె ముఖం పాలిపోయి ఉంది.

“అన్సర్, కొంప మునిగింది. లిడియా వాళ్ల మునెమ్మ అత్త తుడిచేసింది!”

“ఏంది తుడిచింది?”

“విమానాన్ని! పెండ్లింట్లో ఇంత మురికి బొమ్మ పెట్టుకుంటారా అని తడిగుడ్డతో శుభ్రంగా తుడిచేసింది. తోక కాడ మసి లేదు, పొట్ట మీద ఏం లేదు. కొత్త గిన్నె మాదిరి మెరుస్తాండాది. లిడియా ఏడిస్తే నా మేకప్ పోతాది. అంతా నా వల్లే. నువ్వు క్లియర్ కోట్ కొడతానంటే నేనే వద్దంటి.”

“నేను వస్తాండా. దార్లోనే ఉండా.”

“ఎప్పుడొస్తావు? చర్చి గంట కొట్టే టైమైతాంది. జయకర్ సార్ స్నానానికి పోయినాడు. వచ్చేలోపల అయిపోవాల.”

అన్సర్ బస్సు కిటికీలోంచి చూశాడు. ముందు లారీల వరుస. వాన తగ్గే సూచన లేదు.

“అయితే నువ్వే చెయ్యి ఇరమ్.”

“నేనా?”

“నా కంటే నీకే బాగొస్తాది. డబ్బా ఉంది కదా?”

ఇరమ్ ఫోను ఎవరి చేతికో ఇచ్చింది. తెర మీద ఇప్పుడు విమానం, ఆమె చేతులు మాత్రమే కనబడుతున్నాయి. పక్కన పెళ్లికూతురి తెల్లచీర అంచు మెరుస్తోంది.

“ముందు చీర దూరంగా జరపమను. ఆ... తోక దగ్గర నల్లది పెట్టు. తక్కువ పెట్టు. ఇప్పుడు వెనక్కి లాగు.”

“ఇట్లనా?”

“అట్లనే. పొట్ట కింద ఫిరంగి ఉండాది చూడు, దాని వెనకాల సన్నగా.”

వెనక సీట్లోని పెద్దాయన అన్సర్ భుజం మీదుగా వంగాడు. “ఏందప్పా అది?”

“యుద్ధ విమానం పెద్దాయనా. మసి పూస్తాండారు.”

“కుడి పక్క తక్కువైనట్టుంది చూడు.”

“అవునబ్బా, కుడి పక్క తక్కువైంది,” అంది కండక్టరు. ఆమె టికెట్లు కొట్టడం మానేసి అక్కడే నిలబడిపోయింది. బస్సులో సగంమంది లేచి చూస్తున్నారు. ఎవరి సలహా వాళ్లు ఇస్తున్నారు.

“అన్సర్, నల్లది ఎక్కువైతాంది. చెడగొడతానేమో,” అంది ఇరమ్ గొంతు.

“చెడితే చెడనీ. ఇంకోటి చేస్తా. పది చేస్తా.” అన్సర్‌కు బస్సూ జనమూ ఏవీ గుర్తు లేవు. “విమానం పోతే మల్ల చేయొచ్చు. ఆ పొద్దు నువ్వు పులివెందుల అంటే మంచిదే అంటినే, అది అబద్ధం ఇరమ్. నాకు రవ్వంత గూడా మంచిగా లేదు. నువ్వు పోయినప్పటి నుంచి నాకు ఒక్క గీత సరిగా రాలేదు. నువ్వు పార్లర్ మూయొద్దు. పులివెందులకు పోవద్దు. నువ్వంటే నాకు... శానా ఇష్టం.”

కండక్టరు విజిల్ నోట్లోనే ఉండిపోయింది.

తెర మీది చేతులు కదల్లేదు. తర్వాత తెర తిరిగింది. ఇరమ్ ముఖం కనబడుతుందనుకుంటే, బొట్టంత ముక్కుపుడకతో ఒక పెద్దావిడ కనబడింది. అంతసేపూ ఫోను పట్టుకున్నది పెళ్లికూతుళ్లకు చీరలు కట్టడానికి కూతురి వెంట వచ్చే అఖ్తర్ బీ. ఇరమ్ వాళ్లమ్మ.

“విమానం సంగతి చెప్పప్పా ముందు,” అంది ఆమె. ఫోను ఆగిపోయింది.

అన్సర్ చెమటలు తుడుచుకుంటూ పక్కకు తిరిగాడు. పక్క సీట్లో నాన్న కూడా ఉన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

“దిగి ఇంటికి పోదామా నాయనా?”

“గమ్మునుండు,” అన్నాడు అబ్దుల్ వాహిద్. “మాట అనేసినాక బస్సు దిగితే మొగోళ్లు అంటారా మనల్ని?”

వాళ్లు జయకర్ ఇల్లు చేరేసరికి పందిట్లో గంభీరంగా ఉంది. లిడియా తెల్లచీరలో, తల మీద సన్నని ముసుగుతో తండ్రి ముందు నిలబడి ఉంది. ఆమె చేతుల్లో విమానం. జయకర్ తెల్ల చొక్కా గుండీలు పెట్టుకుంటున్నవాడు అలాగే ఆగిపోయాడు. విమానాన్ని అందుకున్నాడు. తోక మీది నంబరు చదివాడు. పొట్ట తిప్పి చూశాడు. మసి మీద వేలు పెట్టబోయి, పెట్టకుండా ఆపుకున్నాడు.

“ఇది నా బండే,” అన్నాడు. “పైకి ఎగిరిపోయి మల్ల కిందికి దిగినప్పుడు అచ్చం ఇట్లే ఉండేది. దేవునికి స్తోత్రం, తిరిగొచ్చింది అనిపించేదమ్మా, ఈ మసి చూస్తే.”

కూతుర్ని దగ్గరికి తీసుకున్నాడు. లిడియా ఏడ్చింది. మేకప్ పోలేదు. ఇరమ్ పని అలాంటిది. కాసేపటికి ఆయన మళ్లీ విమానాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు.

“అంతా బాగుండాది గానీ, మా బండి మసి ఎప్పుడూ ఇట్లా తళతళలాడలేదే!”

తలుపు దగ్గరున్న ఇరమ్ నాలుక కరుచుకుంది. కంగారులో మెరుపులున్న షేడు కూడా కలిపేసింది. జయకర్ పెద్దగా నవ్వాడు. “ఉండనీలే. పెండ్లికొచ్చిన బండి కదా!” మునెమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది.

చర్చిలో పెళ్లి అయిపోయింది. భోజనాల దగ్గర అన్సర్‌కు ఇరమ్ కనబడింది కానీ దగ్గరికి వెళ్లే ధైర్యం చాలలేదు. ఆమే వచ్చింది. వేళ్లకు ఇంకా గోధుమ రంగు పొడి ఉంది.

“బస్సులో ఎంతమంది ఉన్నారు?”

“నిండుగా ఉండ్య.”

“అంతమంది ముందర చెప్పేటోనివి, ఆ పొద్దు షెడ్డులో ఎవరూ లేనప్పుడు ఎందుకు చెప్పలేదు?”

“ఆ పొద్దు నువ్వు ఎదురుగా ఉంటివి కదా. భయమేసింది.”

ఇరమ్ నవ్వు దాచుకోవడానికి పక్కకు చూసింది. “మంచిదే,” అంది. వెంటనే, “నేను అబద్ధం చెప్పడం లేదులే,” అని కలిపింది.

“మీ అమ్మ ఏమనింది?”

“ఏమీ అనలేదు. అదే భయంగా ఉండాది.”

అంతలో పందిట్లో ఆ చివర అఖ్తర్ బీ, అబ్దుల్ వాహిద్ ఎదురెదురుగా కుర్చీలు వేసుకుని మాట్లాడుకోవడం కనబడింది. ఆమె ఏదో అడుగుతోంది. ఆయన తల ఊపుతున్నాడు. మధ్యలో ఒకసారి ఆయన రెండు చేతులూ గాల్లోకి ఎత్తి, “పార్లర్ మూయించడమేంది తల్లీ, మా షెడ్డు పక్క రూము ఖాళీగానే ఉండాది!” అనడం ఇక్కడికే వినబడింది.

అఖ్తర్ బీ లేచింది. ఇరమ్ మేకప్ పెట్టెను రెండు చేతులా మోసుకుంటూ ఇటే వస్తోంది. సాయంత్రం రిసెప్షనుకు పెళ్లికూతురికి చీర మార్చాలి. పెట్టె బరువుగా ఉంది. నాలుగడుగుల దూరంలో ఆగి, ఆయాసపడుతూ కేకేసింది.

“చూస్తా నిలబడినావేంది అల్లుడూ? వచ్చి పట్టుకో!”

అన్సర్ వెనక్కి తిరిగి చూశాడు, ఎవరిని పిలుస్తోందా అని. వెనక ఎవరూ లేరు.