ఊడిరాని చక్రం

"ఒరేయ్ ఉజూ, ఇవాళ రోబోల కుస్తీ లేదట, విన్నావా?"

ఆరో తరగతి తేఓ భోజనం ప్లేటుతో వచ్చి ఎదురుగా కూలబడ్డాడు. నాలుగో తరగతి ఉజూ చెంచా నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

"లేదా? అదేంటన్నా? అమ్మావాళ్ళు చూడ్డానికి వస్తున్నారుగా!"

"వస్తారు. కానీ హాలు పాటలవాళ్ళకి ఇచ్చేశారట. మనం సైన్సు గదిలోనే కూర్చోవాలి. రోబోలు మొత్తం ఊడదీసి, నడిచే రోబో ఒకటి కొత్తగా కట్టాలి. కూ టీచరే చెప్పారు." తేఓ సూప్ జుర్రుకున్నాడు. "నీకు మంచిదేలే. కుస్తీ ఉంటే నీ చక్రం మళ్ళీ ఊడి దొర్లేది."

ఉజూ చెంచా ప్లేటులో పెట్టేశాడు. ఊడదీయాలి. ఆ మాట ఒక్కటే చెవుల్లో మోగుతోంది.

బడి అయ్యాక ప్రతి బుధవారం రోబో క్లాసు. ఇద్దరికి కలిపి ఒక పెట్టె. ఉజూ జతగత్తె నారే. పెట్టెలోని ప్లాస్టిక్ ముక్కల్ని పిన్నులు గుచ్చి కలపాలి, మోటారు పెట్టాలి, చక్రాలు తొడగాలి. పని అయ్యాక అవే ముక్కలు ఊడదీసి, మళ్ళీ ఇంకోటి కట్టాలి.

కిందటి వారం రోబోలకి కుస్తీ పెట్టారు. తేఓ రోబో వచ్చి గుద్దగానే ఉజూవాళ్ళ చక్రం ఊడింది. దొర్లుకుంటూ పోయి తేఓ చెప్పుకి తగిలి పడింది. గదంతా ఒకటే నవ్వు. నారే కూడా నవ్వింది. ఉజూ నవ్వలేదు.

ఆ వారం పెట్టె ఇంటికి తీసుకెళ్ళే వంతు అతనిది. నాన్న సొరుగులో గట్టి జిగురు ట్యూబు ఉంది. ఉజూ తలుపు వేసుకుని, పిన్ను కనబడిన చోటల్లా ఒక్కో చుక్క వేశాడు. "ఇప్పుడు ఊడు, చూస్తా" అన్నాడు చక్రంతో.

ఇప్పుడా చక్రం అతని మాట వింటోంది.

భోజనం వదిలేసి ఉజూ పెట్టెతో బాత్‌రూమ్‌లోకి దూరాడు. చక్రం పట్టుకుని లాగాడు. మెలితిప్పాడు. పళ్ళతో కూడా లాగి చూశాడు. బొటనవేలి చర్మం లేచింది గానీ పిన్ను కదల్లేదు.

బయటికి రాగానే వరండాలో కూ టీచర్ ఎదురయ్యారు.

"ఏం ఉజూ, మొహం అలా ఉందేం? కడుపు నొప్పా?"

చెప్పేయొచ్చు. ఎవరూ లేరు కూడా.

"అవును టీచర్" అన్నాడు. అది పూర్తిగా అబద్ధమూ కాదు. కడుపులో నిజంగానే దేవుతోంది.

సాయంత్రం సైన్సు గది వెనక గోడ వెంట పెద్దవాళ్ళు వరసగా నిలబడ్డారు. పిల్లల్ని చూడ్డానికి వచ్చి, అందరూ ఫోన్లలోకి చూస్తున్నారు. ఉజూ అమ్మ ఫోన్ పైకెత్తి, "ఇటు చూడు" అని సైగ చేసింది. ఉజూ చూడలేదు.

ఆ వరస చివర ఫోన్ లేకుండా ఒక ముసలావిడ ఉంది. నారే నానమ్మ. బజార్లో పచ్చళ్ళ కొట్టు ఆమెది. ఇవాళ కొట్టు మూసి మరీ వచ్చింది.

"మా నానమ్మ రావడం ఇదే మొదటిసారి" అని నారే గుసగుసలాడింది. "బాగా చేద్దాం, సరేనా? ఎప్పుడూ నేను ఏదో ఒకటి పగలగొట్టానన్న మాటే వింటుంది పాపం."

ఉజూ పెట్టె మూత తెరవబోయి ఆగాడు. "నారే..."

"ఏంటి?"

"ఏం లేదు. నువ్వు ఊడదియ్యి. నేను పిన్నులు ఏరతాను."

ఆ మాట ఎలా వచ్చేసిందో అతనికే తెలియలేదు.

నారే చక్రం లాగింది. "ఇదేంట్రా, ఇంత బిగుసుకుపోయింది?" ఇంకాస్త గట్టిగా లాగింది. తర్వాత రెండు చేతులా పట్టుకుని, పెదవి కొరుక్కుంటూ లాగింది.

ఫట్!

చక్రం ఒక చేతిలో, చక్రం తొడిగే చట్రం సగం ముక్క ఇంకో చేతిలో.

"అయిపోయింది! ఇనప చేతుల నారే!" తేఓ బల్ల మీద దరువు వేశాడు. పిల్లలు కిసుక్కుమన్నారు.

నారే మొహం తెల్లగా పాలిపోయింది. "టీచర్... నేనే... విరిచేశాను."

"సరేలే, ముందు చెయ్యి చూపించు, తెగలేదు కదా?" అంటూ టీచర్ వస్తున్నారు. ఆవిడకంటే ముందు నానమ్మ వచ్చేసింది.

"మా పిల్ల చెయ్యి మొరటమ్మా. నా పోలికే" అంటూ టీచర్‌కి వంగి నమస్కరించింది. తర్వాత ఉజూ అమ్మకి వంగింది. "ఏమీ అనుకోకండి."

"అయ్యో, పరవాలేదండీ. పిల్లలన్నాక..." అని ఉజూ అమ్మ క్షమించేసింది. ఏమీ తెలియనివాళ్ళు చాలా తేలిగ్గా క్షమించేస్తారు.

నానమ్మ అక్కడితో ఆగలేదు. ఉజూ వైపు తిరిగింది. తెల్లజుట్టు తల అతని ముందు వంగింది. "బాబూ, నీ కష్టమంతా మా పిల్ల పాడుచేసింది. నువ్వు కూడా ఏమనుకోకు, ఏం?"

ఉజూ నోరు మూసుకుంటే చాలు. ఇంక ఎవరికీ తెలియదు. నారే తల దించుకుని విరిగిన ముక్కనే చూస్తోంది. ఆ ముక్క అంచున జిగురు తెల్లగా పొడి పొడిగా కనబడుతోంది. ఆమెకి అదేమిటో అర్థం కాలేదు. ఇంకా తన చేతుల్నే తిట్టుకుంటోంది.

"వంగకండి మామ్మగారూ!"

గొంతు ఎంత పెద్దగా వచ్చిందంటే ఉజూయే ఉలిక్కిపడ్డాడు.

"నారే కాదు. నేను. జిగురు పెట్టాను. అన్నింటికీ. చక్రం ఊడకూడదని..." ముక్క తీసుకుని ఆ తెలుపు చూపించాడు. "ఇదిగో."

ఉజూ అమ్మ ఫోన్ మెల్లగా కిందికి దిగింది. తేఓ దరువు ఆగింది.

టీచర్ ఏదో అనబోయారు. నారే ముందే అంది. గట్టిగా కాదు.

"జిగురు సంగతి సరే. నీకు తెలుసుగా. తెలిసే నన్ను లాగమన్నావు."

ఉజూ తలూపాడు.

"ఇద్దరూ వినండి" అన్నారు టీచర్. "మీకివ్వడానికి నా దగ్గర వేరే పెట్టె లేదు. ఊడే ముక్కలు ఎన్ని ఉంటే అన్నింటితోనే కట్టండి. ఉజూ, మిగతా సంగతి క్లాసయ్యాక, మీ అమ్మగారి ముందు."

నానమ్మ నడుం పట్టుకుని, "ముందే చెప్తే ఇన్నిసార్లు వంగేదాన్ని కాదు కదయ్యా" అని గొణుక్కుంటూ వెనక్కి వెళ్ళి నిలబడింది.

నారే కుర్చీని దూరంగా జరుపుకుంది. పని చేసినంతసేపూ "పిన్ను", "తీగ" తప్ప ఇంకో మాట లేదు. ఉజూ అడిగింది అందించాడు. ఒకసారి మాత్రం, "కాలు నేను పెట్టనా?" అన్నాడు. నారే భుజాలెగరేసింది. ఉజూ కాలు తీసుకుని తనే బిగించాడు.

అందరి రోబోలూ బల్లల మీద నడిచాయి. చివరికి వీళ్ళది. సగం శరీరం, కుంటి కాళ్ళు. నారే స్విచ్ నొక్కింది. రోబో ఊగింది, గిర్రుమంది, మెల్లగా వెనక్కి నడవడం మొదలుపెట్టింది.

"ఏయ్ ఇనప చేతులూ! వెనక్కి పోతోందేంటే? ఇంటికి దారి వెతుక్కుంటోందా?" అన్నాడు తేఓ. గదంతా మళ్ళీ నవ్వులు. నారే చెవులు ఎర్రబడ్డాయి.

ఉజూ చెయ్యి అప్పటికే పైకి లేచింది.

"ఆ కాలు పెట్టింది నేనన్నా. తిరగేసి పెట్టాను."

నవ్వు ఉజూ వైపు తిరిగింది. అతను చెయ్యి దించలేదు.

నారే అతన్ని ఓరగా చూసింది. పిన్నులు లాగే చిన్న పట్టకారును బల్ల మీద అతని వైపు తోసింది.

"అయితే విప్పు" అంది.