కల్లంలో బొట్టు

పొద్దున్నే పెనం మీద పెసరట్టు తిప్పుతుండగానే అన్నపూర్ణకు ఒళ్లు మండింది. పొయ్యి వేడికి కాదు, మొగుడి మాటకు.

"బుట్ట సంగతి తేలిపోయిందే. నరసరావుపేటలో ఉన్న మీ పిన్ని కొడుకు మోస్తానన్నాడు," అన్నాడు లక్ష్మీనారాయణ, అల్లప్పచ్చడి ఇంకాస్త వేయమని పళ్లెం ముందుకు జరుపుతూ.

"వాడా! నడుంనొప్పికి బెల్టు పెట్టుకొని తిరుగుతున్నాడు వాడు. పిల్లని మోస్తాడంటా పిల్లని!"

"వరసకు మేనమామే గదా. చాల్లే."

"సొంత మేనమామ రెండు వీధుల అవతల గుండ్రాయిలాగా ఉంటే..."

లక్ష్మీనారాయణ నోటి దగ్గరి ముక్క ఆగింది. "ఆ పేరు ఈ ఇంట్లో ఎత్తమాకని చెప్పానా లేదా?"

"పేరెక్కడ ఎత్తా? వీధి చెప్పానంతే."

లోపల తల దువ్వుకుంటున్న లిఖిత నవ్వు ఆపుకోలేకపోయింది. పెళ్లికూతురు తనే. పీటల మీదికి తనను బుట్టలో కూర్చోబెట్టుకొని మోసుకురావలసింది అమ్మ తమ్ముడు అమరేశ్వరరావు. చిన్నప్పుడు తిరనాళ్లకు భుజాల మీద ఎక్కించుకొని తిప్పింది ఆ మామయ్యే. కానీ పోయిన పంచాయతీ ఎన్నికల్లో నాన్న సర్పంచిగా నిలబడితే, మామయ్య అవతలి పార్టీ జెండా పట్టుకొని ఇల్లిల్లూ తిరిగాడు. నాన్న ఓడిపోయాడు. ఓడినందుకు ఎంత బాధపడ్డాడో ఏమో గానీ, ఓడించింది ఇంటి మనిషైనందుకు మాత్రం ఊరంతా వినపడేలా తిట్టాడు. ఆ రోజు నుంచి రాకపోకలు లేవు, మాటల్లేవు.

అన్నపూర్ణ మాత్రం ఏం తక్కువ తిన్నది? పోయిన ఏడు పిడుగురాళ్ల బస్సులో తమ్ముడు ఎదురుసీట్లోనే కూర్చున్నాడు. వేరుశనక్కాయల పొట్లం విప్పి, ఒకసారి అక్క వైపు చూశాడు. ఈవిడగారు మూతి ముడుచుకొని కిటికీలోంచి సున్నపు బట్టీల పొగ చూస్తూ కూర్చుంది. దిగేటప్పుడు చూస్తే అతను వెళ్లిపోయాడు. ఆ పొట్లం తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు వేరుశనక్కాయ నోట పెట్టబుద్ధి కాదు.

"పోనీ, మంచి రోజు చూసి పెద్దమనుషుల్ని పంపిద్దామయ్యా," అంది మెత్తగా.

"నేను ఎవురినీ పంపను. వాడే రావాల."

"వాడూ అదే అంటాడు."

"అననీ."

అంతటితో ఆ మాట ఆగిపోయింది. లక్ష్మీనారాయణ ఫోను తీసి వాతావరణం చూసుకున్నాడు. "వాన లేదంట. కాయ మీద టార్పాలిన్ పట్టాలు కప్పే పని లేదు. నేను మాచవరం పోయి గోతాలు తెస్తా, మీరు కల్లం చూసుకోండి," అని బండెక్కాడు. ఫోను చెప్పిందంటే ఆయనకు వేదమే.

కల్లం ఊరి బయట డొంకదారి పక్కనే. కోసిన మిరపకాయంతా ఎర్రగా పరిచి ఉంది. మధ్యాహ్నం కూలీలు అన్నాలకు వెళ్లాక, తల్లీకూతుళ్లిద్దరే కూర్చొని తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్నారు. ఉన్నట్టుండి గాలి చల్లబడింది. అన్నపూర్ణ తలెత్తి చూసింది. పడమర నల్లగా కమ్ముకొచ్చింది.

"ఓరి నాయనో! లేవే లిఖితా! కుప్పకి లాగు!"

ఇద్దరూ లాగుడుచెక్కలతో కాయను కుప్పకు లాగసాగారు. తడిస్తే కాయ నల్లబడుతుంది, ఏడాది కష్టం మట్టిపాలవుతుంది. కుప్ప మీదికి పట్టా లాగుదామంటే గాలి దాన్ని లాగేసుకుంటోంది. ఒక పక్క పట్టుకుంటే ఇంకో పక్క లేస్తోంది. ఇద్దరి వల్లా కావడం లేదు.

అప్పుడే డొంకలో ఒక మోటారుసైకిల్ ఆగింది. స్టాండు కూడా వేయలేదు, బండి అలాగే పక్కకు ఒరిగిపోయింది. ఆ మనిషి పరుగెత్తుకొచ్చి ఎగురుతున్న పట్టా అంచు దొరకబుచ్చుకున్నాడు.

అమరేశ్వరరావు!

ఆ ప్రాంతంలో అదొక కట్టుబాటు. కల్లం మీద వాన పడుతుంటే దారిన పోయేవాడు ఎవరైనా సరే ఆగాలి, పట్టా పట్టాలి. కల్లం ఎవరిదని అడగకూడదు. పగలూ పార్టీలూ ఆ తర్వాత సంగతి.

"అక్కా, అంచు వదలమాక! గట్టిగా పట్టుకో!"

ఇన్నేళ్ల తర్వాత అక్కా అన్న పిలుపు. అన్నపూర్ణ చేతులు పట్టాను పట్టుకొనే ఉన్నాయి, కళ్లు మాత్రం నిండిపోయాయి. "ఒరేయ్ అమరా, ఆ పక్క రాయెయ్యరా!" అని అరిచింది.

ఉన్న రాళ్లన్నీ పెట్టినా పట్టా నిలవలేదు. ఇక చేసేదేమీ లేక రాళ్లన్నీ ఒక మూలకు చేర్చి, ముగ్గురూ మిగతా మూడు మూలల మీద కూర్చుండిపోయారు. వాన దంచికొట్టింది. ఇంతలో లక్ష్మీనారాయణ తడిసి ముద్దై వచ్చాడు. బావమరిదిని చూడగానే ఆగిపోయాడు.

"ఎవురు పిలిచారు ఇతన్ని?"

"ఎవురూ పిలవలా బావా," అన్నాడు అమరేశ్వరరావు తల దించుకొని. "కాయ తడుస్తా ఉంది, ఆగా."

"చాల్లే చేసింది. లే!"

అమరేశ్వరరావు లేచాడు. అతనితోపాటు పట్టా కూడా లేచింది. సగం కుప్ప బయటపడింది. "అయ్యో నా కాయ!" అంటూ లక్ష్మీనారాయణ ఆ మూల మీద బోర్లా పడ్డాడు. నాలుగో మూల కూడా ఎగరబోతుంటే అమరేశ్వరరావు వెళ్లి దాని మీద కూర్చున్నాడు. ఎవరు లేచినా కాయ పోతుంది. ఎవరూ లేవడానికి లేదు.

అన్నపూర్ణ ఇదే అదనుగా అందుకుంది.

"ఇప్పుడు మాట్టాడండి. లేచి పోయే దారి లేదుగా ఇద్దరికీ! ఆయన రావాలని వీడు, వీడు రావాలని ఆయన. నేను మంచి రోజు కోసం చూస్తా కూర్చున్నా. బస్సులో దేవుడు ఎదురుగా కూర్చోబెడితే కిటికీలోకి చూసినదాన్ని నేను. ఇయ్యాల వానొచ్చి మళ్లీ కూర్చోబెట్టింది. ఇదీ పోనిస్తే ఇంకోటి వచ్చుద్దని ఎవురన్నారు? నేను పోనీను."

"ఇతను నన్ను ఊళ్లో తలెత్తుకోనీలా," అన్నాడు లక్ష్మీనారాయణ.

"తిరిగింది నిజమే బావా. ఓటడిగా. నిన్ను ఒక్క మాట అన్లా." అమరేశ్వరరావు లిఖిత వైపు చూశాడు. "కానీ పిల్ల పెళ్లంట అని నేను టీకొట్టు కాడ విన్నా. మేనమామని బావా. టీకొట్టు కాడ వినాల్నా?"

లక్ష్మీనారాయణ పట్టా అంచు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

"నాన్నా," అంది లిఖిత తన మూల నుంచి. "బెల్టు మామయ్య నన్ను ఎత్తితే ఇద్దరం కలిసి పడతాం. ఈ మామయ్య మోస్తే వస్తా. లేకపోతే బుట్ట నేనే నెత్తిన పెట్టుకొని నడిచొస్తా."

లక్ష్మీనారాయణకు నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నాడు, కుదరలేదు. తనలో తను అనుకున్నట్టుగా, "ఆ నడుంనొప్పోడు మోయలేడులే," అన్నాడు. మబ్బు వైపు చూసి, "వాన తగ్గినాక, రేపెప్పుడన్నా ఇంటికొచ్చి పిలుస్తాం," అన్నాడు.

"రేపేంది? ఇప్పుడే పిలుస్తా," అంది అన్నపూర్ణ.

వాన వెలిసింది. గాలి కూడా సద్దుమణిగింది. ఆమె లేచి, తడిసి కారుతున్న తన నుదుటి కుంకుమే వేలితో తీసి తమ్ముడి నుదుట పెట్టింది. "పిల్ల పెళ్లికి రండి. ఇంటిల్లిపాదీ రండి."

మరుక్షణం అమరేశ్వరరావు ఎగిరి గంతేశాడు. "అమ్మో, మంటే అక్కా! మిరపకాయ చేతుల్తో ఎవురన్నా బొట్టు పెడతారా!"

నుదురు మండి, కారం నీళ్లతో కంట్లోకి దిగి, అతను బొటబొటా కన్నీళ్లు కార్చాడు. అతన్ని చూసి అన్నపూర్ణ నవ్వుతూ ఏడ్చింది, అదే చేత్తో కళ్లు తుడుచుకొని మళ్లీ ఏడ్చింది. లిఖిత మంచినీళ్ల బిందె కోసం పరుగెత్తింది.

లక్ష్మీనారాయణ అటు తిరిగి నిలబడ్డాడు. ఆయన కళ్లూ కారుతున్నాయి.

"నీకేమైందయ్యా?" అంది అన్నపూర్ణ.

"కారమే. కారం పడింది," అన్నాడాయన. ఆయన చేతికి మాత్రం ఒక్క కాయా తగల్లేదు.