ఈల్వా నిద్రపోలేదు

నవంబరు నెలలో గోథెన్‌బర్గ్‌లో కాఫీ చల్లారేలోపే చీకటి పడిపోతుంది. బయట సన్నగా వాన. కార్ల భద్రతను పరీక్షించే లాబ్‌లో తడిసిన ఉన్నికోట్ల వాసన, యాలకుల బన్నుల వాసన. మారిత్ కంప్యూటర్ ముందు కూర్చుని, తెర మీది బొమ్మను కారు సీట్లో సర్దుతోంది.

అది ఉత్త బొమ్మ కాదు. బ్రేకు పడగానే మనిషి మెడ ఎలా బిగుస్తుందో, కాళ్లు ఎలా తన్నిపెడతాయో తెలుసుకోవడానికి ఈల్వా అనే అమ్మాయి ఒంటికి తీగలు అంటించి, ఆమె కండరాలు కదిలే తీరంతా ఆ బొమ్మలో పోశారు. పోయిన వసంతంలో ఈల్వా కారు ప్రమాదంలో చనిపోయింది. ఆ కారు నడిపింది ఈ లాబ్ పెద్ద హోకాన్. దుప్పి అడ్డొచ్చి కారు చెట్టుకు గుద్దుకుందన్నాడు. పక్క సీట్లో ఆమె నిద్రపోతోందన్నాడు. అందరూ నమ్మారు.

ఆ ప్రమాదం జోలికి ఎవరూ పోవద్దని కూడా అన్నాడు. కానీ ఈల్వా మారిత్ స్నేహితురాలు. మారిత్ వినలేదు.

నిద్రపోతున్న మనిషి కదా అని బొమ్మ కండరాలన్నీ ఆపేసి, తెర మీద ఆ ప్రమాదంలోలాగే కారును నడిపించింది. చెట్టుకు గుద్దుకోగానే బొమ్మ గోనెసంచిలా ముందుకు తూలిపడాలి.

తూలలేదు.

చెట్టు ఇంకా దూరంలో ఉండగానే మెడ బిగిసింది. తల డ్రైవరు వైపు తిరిగింది. రెండు చేతులూ స్టీరింగు మీదికి పోయి... లాగుతున్నాయి. కారును చెట్టు మీదికి పోనివ్వకుండా లాగుతున్నాయి.

మారిత్ సరిచూసుకుంది. కండరాలు ఆపేసే ఉన్నాయి. మళ్లీ నడిపించింది. ఈసారి బొమ్మ ఇంకా గట్టిగా లాగింది.

"ఎవరు చెయ్యమన్నారు నిన్నిది?"

వెనకాల హోకాన్.

"నిద్రపోతోందన్నావు," అంది మారిత్.

"లెక్క తప్పావు. తీసెయ్."

"దుప్పి ఎటునుంచి వచ్చింది హోకాన్?"

"నోర్మూసుకో! రేపటినుంచి నీకిక్కడ పని లేదు."

కంప్యూటర్ తీగ పట్టి పీకేసి, విసవిసా బయటికి నడిచాడు. మారిత్ ఊరుకోలేదు. వానలోనే వెంటపడింది.

పార్కింగులో కుళ్లిన ఆకుల వాసన. హోకాన్ కారెక్కి బెల్టు పెట్టుకున్నాడు. తలుపు ఇంకా వేయలేదు.

టింగ్... టింగ్... టింగ్...

పక్క సీట్లో కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోకపోతే కారు చేసే గోల అది. పక్క సీట్లో ఎవరూ లేరు. సంచీ కూడా లేదు.

"తడికి పాడైనట్టుంది," అని గొణిగి హోకాన్ ఆ సీటు మీద చెయ్యి ఆనించాడు. కాలినట్టు వెనక్కి లాక్కున్నాడు.

"మారిత్..." గొంతు పీలగా వచ్చింది. "వెచ్చగా ఉంది."

టింగ్... టింగ్...

"ఇటు రా. వచ్చి కూర్చో. ఒక్క నిమిషం."

"రాను."

"ఆ రోజు ఈల్వా అరుస్తూనే ఉంది... ఆపమని. నేనే... ఆపలేదు."

టక్!

గోల ఆగిపోయింది.

హోకాన్ దిగబోయాడు. అతని బెల్టు ఊడలేదు. రెండు చేతులతో గుంజాడు. ఊడలేదు.

మారిత్ వెనక్కి... ఇంకా వెనక్కి నడిచింది. చూపు మాత్రం తిప్పుకోలేకపోయింది. పక్క సీటు మీద అడ్డంగా, ఎవరినో చుట్టినట్టు, బెల్టు బిగిసి ఉంది. సీటు ఖాళీయే. కానీ ఆ బెల్టు మెల్లగా పైకి లేస్తోంది... దిగుతోంది...

మళ్లీ లేస్తోంది.