బుధవారం నాటి షిరో

ఆ మధ్యాహ్నం ఎటగెన్ అవ్వ ఇంట్లో నలుగురున్నారు. రెండు కర్రల మీద నడిచే అవ్వ. భోజనానికి పిలిస్తే కాదనని చర్చి పూజారి అబ్బా జెల్లెకె. గోండర్ పట్నం నుంచి జీపులో దిగిన మెస్కెరెం అనే అందగత్తె. వంటపిల్ల అస్కాలె.

అస్కాలె అసలు పేరు అది కాదు. రహస్య విభాగంలో ఆమె ఏజెంట్ తొమ్మిది. ఆర్నెల్లుగా ఆ ఇంట్లో అంట్లు తోముతోంది.

అసైన్‌మెంట్ ఇచ్చిన రోజు కల్నల్ బల్ల మీద రెండు గుప్పెళ్ల గ్వాయా పప్పు పోశాడు. చూడ్డానికి రెండూ ఒకటే. మొదటిది అవ్వ ముప్పై ఏళ్లుగా ఏరి ఏరి దాచిన విత్తనం. రోజూ తిన్నా ఏమీ కాదు. రెండోది నెలల తరబడి తింటే కాళ్లు చచ్చుబడతాయి. కరువు ఏడాదిలో అవ్వ కాళ్లు అలాగే పోయాయి. ఉపవాసాల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టని దెంబియా ప్రాంతపు జనానికి ఒంట్లో కండ నిలిపేది ఈ పప్పే. నాలుగు వందల ఇళ్లకు విత్తుకోడానికి పంచే అవ్వ విత్తనం సంచిని దారిలో ఒక విదేశీ ముఠా రెండో రకంతో మార్చబోతోంది. ఆ ఇళ్లన్నీ మంచాన పడితే వాళ్ల ప్రొటీన్ పొడి ఇక్కడ అమ్ముకోవచ్చు.

"సంచి కోసం మన మనిషి వస్తుంది. పాస్‌వర్డ్ చెబితే ఇచ్చెయ్," అన్నాడు కల్నల్.

మెస్కెరెం పాస్‌వర్డ్ చెప్పింది. అక్షరం పొల్లుపోలేదు. సంచి ఇప్పుడు ఆమె కాళ్ల దగ్గరుంది. పని అయిపోయినట్టే. అస్కాలెకి సంతోషం కలగలేదు, దిగులూ కలగలేదు. ఈ ఉద్యోగంలో ఆ రెండూ అవ్వ కాళ్లలాగే మెల్లగా పోయాయి.

తినకుండా వెళ్తే ఊరుకోనంది అవ్వ. ఇంజెరా అట్టు మీద కోడికూర, గుడ్లు, వెన్న వేసిన షిరో పప్పుకూర వడ్డించింది. మెస్కెరెం చెయ్యి అడ్డం పెట్టి, వెన్న లేని షిరో ఒక గిన్నెడు ఉంటే చాలంది.

ఈస్టర్ ముందు ఉపవాసమని యాభై అయిదు రోజులు పప్పే తిన్నాం, ఇంకా తనివి తీరలేదా అని అబ్బా జెల్లెకె నవ్వాడు.

"బుధవారం కదండీ. మా అమ్మ చిన్నప్పుడే నేర్పింది," అంది మెస్కెరెం.

"ఈస్టర్ అయ్యాక కూడానా?"

"ఏ బుధవారమైనా ఒకటేగా."

"చూశావా పిల్లా, పట్నం భక్తి. నాకన్నా ముందే స్వర్గానికి పోయేలా ఉంది," అని అస్కాలెతో అంటూ ఆయన ఇంకో గుడ్డు అందుకున్నాడు.

షిరో గిన్నె ఆమె ముందు పెడుతూ అస్కాలె ఒక్క క్షణం ఆగింది. ఏడాదంతా బుధ, శుక్రవారాలు ఉపవాసమే కానీ, ఈస్టర్ తర్వాత యాభై రోజులు మాత్రం ఏ వారమూ ఉపవాసం లేదు. ఈ దేశంలో పెరిగిన పిల్లలు ఏడాదంతా ఎదురుచూసేది ఆ యాభై రోజుల కోసమే. ఈమెకి నేర్పింది అమ్మ కాదు. ఎవరో పుస్తకం చూసి నేర్పారు.

అస్కాలె మెడలోని శిలువను రెండుసార్లు నొక్కింది. ట్రాన్స్‌మిటర్. సరస్సు ఒడ్డున ఉన్న కమాండోలు రావడానికి అరగంట పడుతుంది. ఆమె కాఫీ గింజలు వేయించడానికి కూర్చుంది. మూడు కప్పులు తాగకుండా లేవడం మర్యాద కాదు. ఆ సంగతి కూడా పుస్తకంలో ఉన్నట్టుంది, మెస్కెరెం బుద్ధిగా కూర్చుంది.

మూడో కప్పు పోస్తుంటే బయట జీపు డ్రైవర్ హెచ్చరికగా హారన్ గట్టిగా మోగించాడు. మెస్కెరెం సంచి అందుకుంది. శాలువా కింది నుంచి పిస్టల్ బయటికొచ్చింది. అస్కాలె మట్టికూజాలోని మరిగే కాఫీని ఆ చేతి మీద కుమ్మరించింది. తూటా రేకుల కప్పులోంచి దూసుకుపోయింది. అప్పటికే వాకిట్లో బూట్ల చప్పుడు.

జీపు సీటు కింద అచ్చు అలాంటి సంచే దొరికింది. మెస్కెరెం రెండేళ్లుగా రెండు వైపులా పనిచేస్తోందని కల్నల్ రేడియోలో చెప్పాడు. అస్కాలె సరే అంది.

అందరూ వెళ్లాక అవ్వ తన సంచిని ఒళ్లోకి లాక్కుంది. రేపు తన గుమ్మంలోనే, తన చేత్తోనే పంచుతానంది.

"నీ పేరు అస్కాలేనా?"

"కాదవ్వా."

"మీ అమ్మ చచ్చిపోయిందన్నావు."

"గోండర్‌లో ఉంది."

మెస్కెరెం సగం తిని వదిలేసిన గిన్నెని అవ్వ అందుకుని అస్కాలె చేతిలో పెట్టింది. కర్రల మీద లేచి ఆమెని గుమ్మం దాకా నడిపించింది.

"ఆ పిల్లకి మన ఉపవాసాల లెక్క తెలీదు, నీకు తెలుసు. మీ ఇద్దరికీ అంతే తేడా," అంది. "తినేసి వెళ్లు. వెన్న వెయ్యలేదు."

తలుపు వేసింది.